ఇంట్లో ఉన్న పాత మిలిటరీ తుపాకీకి ఆ కాలపు భాగాలు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు పాత తెలుగు ఇళ్లలో అటక మీదో, వసారా గోడకో ఒక పొడుగాటి తుపాకీ కనిపించడం కొత్తేమీ కాదు. కొన్ని జమీందారీ కచేరీల నుంచి వచ్చినవి, కొన్ని పెన్షన్ తీసుకున్న సిపాయిల ఇళ్లలో మిగిలినవి. మా ఇంట్లోనూ ఒకటుంది. మా తాత ఎస్టేట్ కచేరీలో పనిచేసేవారు. ఆయన తెచ్చిన మూడు ఇనప కట్ల ఎన్‌ఫీల్డ్, అంటే పాత ఇంగ్లీషు సైనిక తుపాకీ అది. గొట్టం అడుగున తుప్పు తినేసి చిల్లు పడింది, ఇక ఎప్పటికీ పేలదు. దాన్ని చూడదగ్గ స్థితికి తేవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఇప్పుడు ఎవరింట్లో పాత తుపాకీ బయటపడినా కబురు మా ఇంటికే వస్తోంది. ఎక్కువమంది అడిగేవి, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాశాను.

అటక మీద తుపాకీ దొరికింది. మొదట ఏం చేయాలి?

గొట్టం మూతి ఎవరి వైపూ లేకుండా పెట్టి, పిల్లల్ని దూరంగా పంపండి. మూతి వైపు నుంచి మందు కూరే పాత తుపాకుల్లో, ఎప్పుడో నూరేళ్ల కిందట కూరిన మందు అలాగే ఉండిపోతుంది. ఆ నల్లటి తుపాకీ మందు పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా దాని బలం పోదు. ఒక సన్నని వెదురు పుల్లను నెమ్మదిగా గొట్టంలోకి దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి బయటికి తీయండి. ఆ పుల్లను గొట్టం పక్కన పెట్టి చూడండి. పుల్ల దాదాపు గొట్టం చివరి దాకా, అంటే హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి) కొట్టే చోటు దాకా వస్తే ఖాళీ. నాలుగు వేళ్లంత తక్కువ వస్తే లోపల ఏదో ఉన్నట్టే. గుడ్డపేలికో, కందిరీగ గూడో కూడా కావచ్చు, కానీ అలా అనుకుని ముందుకు వెళ్లొద్దు. గీకకండి, వేడి చేయకండి. లైసెన్సున్న ఆయుధ డీలర్‌కో, పోలీసు స్టేషన్‌కో చెప్పండి.

ఇది ఇంట్లో ఉంచుకోవచ్చా? లైసెన్సు కావాలా?

భాగాలు వెతికే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. వాడుకలో లేని పాత నమూనా ఆయుధమైనా, పురాతన విలువ ఉన్నదైనా, చెడిపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీల్లేని స్థితిలో ఉంటే దానికి ఆ చట్టం వర్తించదు. ‘మరమ్మతు చేసినా’ అన్న మాట దగ్గర ఆగండి. పాతది అయినంత మాత్రాన చాలదు. బాగుచేస్తే పేలుతుంది అనుకునే తుపాకీ మినహాయింపులోకి రాదు.

అది ఏ స్థితిలో ఉందో మీరో నేనో తేల్చేది కాదు. జిల్లా కలెక్టర్ ఆఫీసులో ఆయుధాల సెక్షన్‌కు అర్జీ పెట్టి, పరీక్ష చేయించి, కాగితం రాయించుకోండి. లైసెన్సు ఉన్న పెద్దాయన పోయాక ఆ తుపాకీ వారసులకు మిగిలితే, 21వ సెక్షన్ ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేసి, తర్వాత మీ పేరు మీద లైసెన్సుకు అర్జీ పెట్టాలి. చాలామంది భయపడి మళ్లీ అటక మీదికే తోసేస్తారు. స్వయంగా వెళ్లి చెప్పినవాళ్లకు నేను చూసినంతవరకు ఇబ్బంది రాలేదు, తిరుగుడు మాత్రం తప్పలేదు.

ఇంకో సంగతి. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం. మనకది పక్క ఊరే, కానీ రాష్ట్రం వేరు. కాగితం లేకుండా తుపాకీని, దాని లాక్‌ని (పేల్చే యంత్రాన్ని) సంచిలో వేసుకుని ఆ వైపు మేస్త్రీకి చూపించడానికి వెళ్లకండి.

మాది ఏ రకం తుపాకీయో ఎలా తెలుస్తుంది?

హ్యామర్ కింద ఉండే ఇనప రేకును లాక్ ప్లేటు అంటారు. కథంతా అక్కడే ఉంటుంది. నూనెలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిచి, పక్కనుంచి టార్చి వెలుగు వేసి చూడండి. కిరీటం గుర్తు, దాని కింద వీఆర్ అని ఉంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1901కి ముందుది. ఈఆర్ అంటే ఎడ్వర్డ్, 1901 నుంచి 1910 దాకా. జీఆర్ అంటే జార్జిలు. సింహం గుర్తో, నాలుగు గదుల గుండె ఆకారమో ఉంటే ఈస్టిండియా కంపెనీది. గుండె గుర్తు ముందుది, సింహం పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దాని స్థానంలో వచ్చింది.

కట్టెను (తుపాకీ చెక్క భాగాన్ని), గొట్టాన్ని కలిపి పట్టే ఇనప కట్లు మూడు ఉండి, గొట్టం 39 అంగుళాలు ఉంటే అది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ కుటుంబానిది. అదే తుపాకీకి వెనక కుడివైపు తెరుచుకునే మూత ఉంటే స్నైడర్, 1866లో వచ్చింది. ట్రిగ్గర్ గార్డు వెనక పొడవాటి మీట ఉండి, హ్యామర్ అసలు కనిపించకపోతే మార్టినీ-హెన్రీ, 1871లో వచ్చింది.

బాణం మొన గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసేది. దాని కింద ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా ఉంటే సైన్యం నుంచి తీసేసి అమ్మేశారని అర్థం. మన వైపు ఇళ్లలో ఈ గుర్తు కనిపిస్తే, తుపాకీ దొంగతనంగా వచ్చిందేమో అన్న అనుమానం కొంత తీరుతుంది.

‘ఆ కాలపు భాగం’ అంటే పాత భాగం అనేనా?

కాదు. నేను పదే పదే చెప్పేది ఇదే. ఆ తుపాకీ పనిచేసిన రోజుల్లో దాని మీద ఉండటానికి అవకాశం ఉన్న భాగమే ఆ కాలపు భాగం. 1855 నాటి భాగం కూడా 1862 తుపాకీ మీద తప్పు కావచ్చు.

మా తుపాకీ సంగతే చెప్తాను. గురి చూసేందుకు ఉండే దాని వెనక సైటు ఒక చిన్న ఇనప ముక్క, కదలదు. పుస్తకాల్లో బొమ్మలు చూస్తే ఎన్‌ఫీల్డ్‌కు నిచ్చెన లాంటి మడత సైటు, గజాల అంకెలు ఉంటాయి. మాది ఎవరో పీకేసి మొద్దు ముక్క పెట్టారనుకుని రెండేళ్లు ఆ నిచ్చెన సైటు కోసం తిరిగాను. చివరికి గొట్టంలోకి దీపం వేసి చూస్తే లోపల రైఫిల్‌కు ఉండే మెలికల గాళ్లు లేవు, నున్నగా ఉంది. అప్పుడు అర్థమైంది. 1857 తిరుగుబాటు తర్వాత సిపాయిల చేతిలో దూరం కొట్టే రైఫిల్ ఉండకూడదని ఇంగ్లీషువాళ్లు అదే రూపంలో నున్నని గొట్టం తుపాకులు చేయించి ఇచ్చారు. వాటికి కదలని సైటే వేశారు. నేను పోయిందనుకున్నది పోలేదు, అసలు ఇవ్వలేదు. సిపాయిల మీద అపనమ్మకం ఆ ఇనప ముక్కలో ఉంది. దాన్ని తీసి అందమైన సైటు పెట్టి ఉంటే ఆ సాక్ష్యాన్ని నా చేత్తో చెరిపేసేవాణ్ణి.

అందుకే ఏ భాగం లేదని అనిపించినా, అది ఎప్పుడైనా ఉందా అని ముందు చూడండి. మరలు దిగిన గుర్తు, కట్టె మీద నొక్కుకున్న అచ్చు, గొట్టం మీద టంకం మరక ఉంటే ఉండేది. ఏమీ లేకపోతే లేనట్టే.

అదే నమూనా తుపాకీ నుంచి తీసిన భాగం మా దానికి ఎందుకు పట్టడం లేదు?

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. లాక్ ప్లేటు మీద టవర్ అని ఉందా, ఎన్‌ఫీల్డ్ అని ఉందా చూడండి.

ఎన్‌ఫీల్డ్ అంటే అప్పట్లో లండన్ దగ్గర ఉన్న ప్రభుత్వ కర్మాగారం. అమెరికా నుంచి యంత్రాలు తెప్పించి, 1850ల చివరి నుంచి అక్కడ 1853 నమూనాను యంత్రాల మీద చేశారు. ఒక దాని హ్యామర్ ఇంకో దానికి సరిగ్గా కూర్చుంటుంది. టవర్ అని ఉన్నవి ఎక్కువగా బర్మింగ్‌హామ్ పనివాళ్ల చేతుల్లో తయారైనవి. ఒకరు లాక్ చేస్తే, ఇంకొకరు గొట్టం, మరొకరు కట్టె. చివర్లో ఒక పనివాడు వాటిని ఆకురాయితో అరగదీసి ఒకదానికొకటి కుదిర్చేవాడు. అందుకే టవర్ తుపాకీ భాగాలు పక్కనున్న ఇంకో టవర్ తుపాకీకి కూడా కుదరవు. లాక్ లోపలి ముక్కల మీద, మరల తలల మీద గీతలో చుక్కలో ఉంటే, అవి ఏ ముక్క ఏ తుపాకీదో గుర్తుంచుకోవడానికి పెట్టుకున్నవి. మీరు మరలు విప్పితే ఆ గుర్తులు చూసి ఏ మర ఆ రంధ్రంలోనే పెట్టండి.

కాబట్టి టవర్ తుపాకీకి భాగం కొనేటప్పుడు కుదరదనే లెక్కతోనే కొనండి. కుదర్చాలంటే దేన్ని అరగదీయాలి? కొత్తగా తెచ్చిన ముక్కనే. మీ తుపాకీ మీద ఉన్న అసలు చెక్కనో ఇనుమునో ఎప్పుడూ అరగదీయకండి.

కట్ల విషయంలోనూ జాగ్రత్త. తొలి రోజుల కట్లను చెక్కలో దిగిన చిన్న స్ప్రింగులు పట్టుకునేవి. తర్వాత మరతో బిగించేవి వచ్చాయి. ఆ తర్వాత మర తల బయటికి పొడుచుకు రాకుండా నున్నగా కలిసిపోయే బాడ్లీ కట్లు వచ్చాయి. మీ కట్టెలో స్ప్రింగు గాడి లేకపోతే మొదటి రకం కట్టు కొనడం దండగ.

భాగాలు ఎక్కడ దొరుకుతాయి?

కొనే ముందు చూడండి. భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఆయుధాల గది ఉంది. అసలు భాగం ఏ కోణంలో వంగుతుందో, అంచు ఎంత పలచగా ఉంటుందో కళ్లతో చూస్తే తెలిసేది ఫొటోలో తెలియదు.

తర్వాత లైసెన్సున్న పాత ఆయుధ డీలర్లు. మూడు తరాల నుంచి కొట్టు నడుపుతున్నవాళ్ల దగ్గర డబ్బాల్లో మరలు, భుజం పట్టీ తగిలించే స్లింగు రింగులు, కట్టె వెనక కొసన ఉండే మడమ రేకులు ఉంటాయి. కొలతలు, కలెక్టర్ ఆఫీసు కాగితం నకలు తీసుకెళ్లండి. కాగితం చూశాకే వాళ్లు డబ్బా తెరుస్తారు, అది మంచి డీలర్ లక్షణం. రసీదు తప్పకుండా అడగండి.

పాత ఇత్తడి కొట్లలో మడమ రేకులు, ట్రిగ్గర్ గార్డులు తూకానికి దొరుకుతాయి. బరంపురంలో బిందెల మధ్య నాకు ఒక ఎన్‌ఫీల్డ్ గార్డు కనిపించింది. ఇత్తడి తొడుగుల వరకు పరవాలేదు. లాక్, గొట్టం, దాని వెనక మూసే బోల్టు లాంటివి పాత సామాన్లవాడి దగ్గర చూస్తే చేయి పెట్టకండి. చట్టంలో తుపాకీ భాగాలూ ఆయుధాల కిందికే వస్తాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో అతనికీ తెలియదు, మీకూ తెలియదు.

విదేశాల నుంచి తెప్పించుకోవచ్చా?

ఇంగ్లండ్, అమెరికాలో భాగాలు బాగా దొరుకుతాయి. 2003లో నేపాల్ రాజుల పాత ఆయుధాగారంలో ఉన్న వేలాది బ్రౌన్‌బెస్‌లు (ఎన్‌ఫీల్డ్ కంటే ముందు కాలపు తుపాకులు), మార్టినీలు అమెరికా వ్యాపారులు కొని తీసుకెళ్లాక అక్కడ ఇంకా సులువైంది. మన పక్క దేశం సామాను సముద్రం దాటి వెళ్లి మనకు అందకుండా పోయిందంటే బాధగా ఉంటుంది.

కానీ ఆయుధాలు, వాటి భాగాలు దిగుమతి చేసుకోవాలంటే చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి పార్సిల్ కోసం ఎదురుచూస్తే కస్టమ్స్ నుంచి నోటీసు వస్తుంది. ఆ టెన్షన్ ఒక హ్యామర్ కోసం పడాల్సింది కాదు. అటు పంపడం ఇంకా కష్టం. నూరేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని సొంతంగా విదేశాలకు పంపకూడదు.

దొరకని భాగం ఇక్కడే చేయించవచ్చా?

పేల్చడానికి సంబంధం లేనివి చేయించవచ్చు. ఈ విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకుంది. గంజాం జిల్లా బెలగుంఠలో ఇత్తడి చేపలు చేస్తారు, పొలుసులు కదిలేవి. ఆ చేయి ఉన్నవాళ్లకు కట్టె కొసన ఉండే ఇత్తడి టోపీ పోతపోయడం లెక్క కాదు. నేను అసలు ముక్కను అరువు తెచ్చి నమూనాగా ఇచ్చాను. ఇత్తడి చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది, కాబట్టి నమూనా కంటే రవ్వంత పెద్దదిగా పోయించి తర్వాత అరగదీయాలి. మొదటిసారి ఆ సంగతి తెలియక నాది కట్టెకు ఎక్కలేదు.

తుపాకీ మందు దాచుకునే కొమ్ము విరిగిపోతే పర్లాకిమిడి కొమ్ము పనివాళ్లు ఉండనే ఉన్నారు. కొమ్మును వేడి చేసి వంచడం వాళ్లకు తరతరాల విద్య.

చేయించిన ప్రతి ముక్క లోపలి వైపు, బిగించాక కనిపించని చోట, చేయించిన ఏడాదిని చిన్న అంకెలతో కొట్టించండి. మన తర్వాత ఇంకెవరో దాన్ని అసలుదని నమ్మి మోసపోకూడదు. లాక్ లోపలి భాగాలు, హ్యామర్ దెబ్బ పడే నిపుల్, బోల్టు లాంటివి ఊరి లేతు మిషన్ దగ్గర చేయించకండి. తుపాకీ భాగాలు తయారు చేయడానికీ, మరమ్మతు చేయడానికీ విడిగా లైసెన్సు ఉండాలి.

మరలు మన హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయా?

దొరకవు. మన మరలు మెట్రిక్ కొలతవి, ఆ తుపాకులవి పాత ఇంగ్లీషు పళ్లు. రెండు చుట్లు తిరిగి బిగుస్తుంది, బలవంతంగా తిప్పితే రంధ్రంలో పళ్లు పోతాయి. మర లేకపోతే రంధ్రాన్ని అలాగే వదిలేయడం నయం. విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ మొనను గాడి వెడల్పుకు సరిపోయేలా రాతి మీద అరగదీసుకోండి. ముందు రోజు నూనె వేసి నాననివ్వండి.

కట్టె విరిగింది. కొత్తది వేయించాలా?

వద్దు, అతకండి. అసలు కట్టె అక్రోటు చెట్టుది. మన దగ్గర మేస్త్రీలు టేకు వేస్తానంటారు, బరువూ రంగూ మారిపోతాయి. తప్పనిసరై చిన్న ముక్క కావాలంటే పాత ఫర్నిచర్‌లో అక్రోటు చెక్క కోసం చూడండి.

కొన్ని తుపాకులకు కట్టె సన్నబడే మణికట్టు దగ్గర విరిగిన చోట పచ్చితోలు చుట్టి ఎండనిచ్చి ఉంటారు, లేదా ఇత్తడి తీగ బిగించి ఉంటారు. అది ఏ ఊరి కమ్మరో, మోచీయో నూరేళ్ల కిందట చేసిన పని. దాన్ని విప్పి కొత్తగా అతికించమని అడిగేవాళ్లకు నేను ఒప్పుకోను. ఆ తోలు కూడా ఆ తుపాకీ కాలానిదే.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గజపతి జిల్లాలో కప్పులు లేచిపోయినప్పుడు చాలా ఇళ్లలో ఇలాంటివి తడిశాయి. తడిస్తే ఎండలో పెట్టకండి, కట్టె నిలువునా చీలుతుంది. ఇనుము వెంటనే తుడిచి నూనె రాయండి, కట్టెను నీడలో వారాల తరబడి ఆరనివ్వండి. ఆరాక అవిసె నూనె అరచేత్తో పలచగా రుద్దండి. వార్నిష్ వేయొద్దు.

అసలు భాగమో, నకలో ఎలా కనిపెట్టాలి?

1970ల నుంచి ఇంగ్లండ్‌లో పార్కర్ హేల్ లాంటి సంస్థలు, తర్వాత ఇటలీవాళ్లు, మన దేశంలోని తయారీదారులు కూడా 1853 నమూనా నకళ్లు చేస్తూ వచ్చారు. అవి చెడ్డవి కావు, నకళ్లని చెప్పి అమ్మితే. అంచు వెంట పోత గీత కనిపిస్తుందా చూడండి. అక్షరాలు ఉలితో కొట్టినవి లోతుగా, కాస్త అసమానంగా ఉంటాయి. పోతలో వచ్చినవి గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. మర పళ్లు మెట్రిక్ అయితే కొత్తది. వాయవ్య సరిహద్దు కొండల్లో చేసిన నకళ్లలో అక్షరాలు తిరగబడి ఉంటాయి, విక్టోరియా గుర్తు కింద ఆమె పోయిన తర్వాతి ఏడాది కనిపిస్తుంది. వాటికీ చరిత్ర ఉంది, అయితే అది వేరే చరిత్ర.

తుప్పు చూసి నమ్మకండి. ఉప్పు నీళ్లు చల్లి వారం ఉంచితే ఎంత పాతదనమైనా వస్తుంది. అలా తెచ్చిన తుప్పు పైన అంతా ఒకేలా ఉంటుంది. అసలుది చేయి తగిలే చోట నున్నగా, మూలల్లో మందంగా ఉంటుంది.

ఇత్తడి మెరిసేలా తోమవచ్చా?

చింతపండు, నిమ్మకాయ, పీతాంబరీ ఏదీ వద్దు. దేవుడి సామాను తోమినట్టు దీన్ని తోమకూడదు.

మా తుపాకీ మడమ రేకు మీద పల్టను పేరు, అంకెలు సన్నగా కొట్టి ఉండేవి. చిన్నప్పుడు వేలితో తడుముతూ చదివేవాణ్ణి, అర్థం తెలిసేది కాదు. అతకడానికి ఇచ్చిన చోట పనివాడు నాకు మేలు చేస్తున్నాననుకుని రేకును పాలిషింగ్ చక్రం మీద పెట్టాడు. బంగారంలా తెచ్చి చేతిలో పెట్టాడు. అక్షరాలు లేవు. ఆ తుపాకీ ఏ పల్టనులో ఉండేదో తెలిసే ఒకే ఒక్క దారి అది. అంతకు ముందు ఒక్క ఫొటో తీసి ఉంటే సరిపోయేది. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చినా మొదట చేయించేది ఫొటోలే. అన్ని వైపులా, పక్కన స్కేలు పెట్టి, ప్రతి గుర్తుకూ దగ్గర నుంచి. తీసేసిన భాగాన్ని కూడా చీటీ కట్టి డబ్బాలో దాచండి.

మా దగ్గర పది తూటాల పాయింట్ త్రీ నాట్ త్రీ ఉంది. దానికి భాగాలు?

పాయింట్ త్రీ నాట్ త్రీ మన దేశంలో నిషేధిత బోరు (గొట్టం లోపలి కొలత). అది పాత వస్తువు అనుకుని దాచకండి, నేరుగా స్టేషన్‌కు వెళ్లండి.

కాలేజీలో, సంస్థలో అద్దాల పెట్టెలో అనుమతితో ఉన్న రైఫిల్ అయితే మాట వేరు. కుడివైపు ఇషాపూర్ (బెంగాల్‌లోని తుపాకీ కర్మాగారం) అన్న పేరు, ఏడాది చదవండి. 1907 నాటి మార్క్ 3కి పక్కన దూరం కొట్టే వాలీ సైటు, తూటాలు ఆపే కటాఫ్ రేకు ఉండేవి. యుద్ధంలో పని త్వరగా అవ్వాలని 1916లో మార్క్ 3 స్టార్ నుంచి వాటిని తీసేశారు. 1942 నాటి ఇషాపూర్ స్టార్ రైఫిల్‌కు వాలీ సైటు తగిలించి అందంగా ఉందని అనుకుంటే అది తప్పు అలంకారం. తుపాకీ మూతికి తగిలించే కత్తి, బాయినెట్ కూడా అంతే. 1907 నమూనా కత్తి 17 అంగుళాలు, రెండో యుద్ధం రోజుల్లో ఇషాపూర్‌లో 12 అంగుళాలకు తగ్గించారు. కట్టెకు అడ్డంగా మ్యాగజైన్ ముందు ఒక మర కనిపిస్తే ఎవరో తర్వాత కొట్టారని పీకకండి. మన ఎండలకు కట్టె చీలకుండా ఇషాపూర్ వాళ్లే వేసింది అది.

అన్నీ కుదిరాక ఒక్కసారి పేల్చి చూడవచ్చా?

లేదు. నూట యాభై ఏళ్ల గొట్టం చేతిలోనే పగలవచ్చు. పైగా పేలేలా చేశారంటే మీ దగ్గరున్న మినహాయింపు కాగితానికి విలువ పోయినట్టే.

దసరాకు ఆయుధ పూజ చేస్తాం. ఏమైనా జాగ్రత్త ఉందా?

చేయండి, మేమూ చేస్తాం. కానీ పసుపు, కుంకుమ, గంధం తడితో కలిసి ఇనుము మీద పడితే ఆ బొట్టు కిందే తుప్పు మొదలవుతుంది. మా తుపాకీ గొట్టం మీద వరసగా ఉన్న గుంటలు ఎక్కడివా అని చాలాకాలం ఆలోచించాను. అవి మా నానమ్మ ఏటా బొట్లు పెట్టిన చోట్లు. ఇప్పుడు గొట్టానికి నూనె గుడ్డ చుట్టి, దాని మీద తమలపాకు పెట్టి, ఆకు మీద బొట్టు పెడుతున్నాం. పూజ అయిన సాయంత్రమే ఆకు తీసి, ఒకసారి తుడిచి, మళ్లీ నూనె రాస్తాం. ఆ గుంటల్ని మాత్రం పూడ్చలేదు.